మీ అవ్వ చెంబు, గోవిందరాజస్వామి గుడి చుట్టూ అంగళ్లు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అవ్వది పీలేరు దగ్గర పల్లె అని, 1974లో ఆమె పెళ్లికి ఇత్తడి సామానంతా తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర కొన్నారని, అందులో ఒక చెంబు ఇంకా మీ ఇంట్లో ఉందని, దాని మీద ఆమె పేరు చెక్కి ఉందని రాశారు. ఇప్పుడు ఆమెను తీసుకొచ్చి ఆ వీధులు చూపించాలనుకుంటున్నారు. అప్పుడు అక్కడ ఏముండేది, ఇప్పుడు ఏం మిగిలింది, ఎక్కడ మొదలుపెట్టి నడవాలి అని అడిగారు.

నేను ఆ వీధుల్లోనే పెరిగాను. సన్నిధి వీధి నుంచి పక్కకు తిరిగే ఒక సందులో మా నాయన పాత్రల అంగడి నడిపాడు. 1970లో, నాకు పన్నెండేళ్లప్పుడు, బడి వదిలిన తర్వాత అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. 2019లో తలుపులు మూసేదాకా అదే నా బతుకు. అందుకని మీకు కొంచెం పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

మీ అవ్వ వాళ్లు రైల్లోనే వచ్చుంటారు. పీలేరు నుంచి పాకాల, పాకాల నుంచి చంద్రగిరి మీదుగా తిరుపతి. అంతా మీటర్ గేజ్, బొగ్గు ఇంజను. రైలు దిగి తల ఎత్తితే గోపురం కనిపించేది. మట్లి అనంతరాజు కట్టించిన ఆ ఏడంతస్తుల గోపురమే మా ఊరికి గుర్తు. పల్లె నుంచి వచ్చినవాళ్లు ఎవరినీ దారి అడగనక్కర్లేదు, గోపురం చూసుకుంటూ నడిచేవాళ్లు. స్టేషన్ బయట జెట్కాలు వరుసగా నిలబడి ఉండేవి. గుర్రాలకు వేసిన పచ్చగడ్డి వాసన, లద్దె వాసన, పక్కన కాఫీ హోటల్ నుంచి వచ్చే వేయించిన గింజల వాసన, అన్నీ ఒకేసారి ముక్కుకు తగిలేవి. పెళ్లి సామాను కొనడానికి వచ్చేటప్పుడు జెట్కా ఎక్కేవాళ్లు కాదు, నడిచే వచ్చేవాళ్లు. తిరిగి పోయేటప్పుడు గోనెసంచుల్లో మూటలు కట్టిన గంగాళాలు, బిందెలు ఉండేవి కాబట్టి అప్పుడు జెట్కా తప్పేది కాదు.

చాలామంది తిరుపతి అంటే యాత్రికుల ఊరు అనుకుంటారు. మా వీధులు బతికింది రెండు రకాల బేరాల మీద. ఒకటి కొండ బేరం, ఇంకొకటి పల్లె బేరం. కొండ బేరం అంటే స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు. వాళ్లు ఒకసారి వచ్చి, ఒక రాగి చెంబో పటమో తులసి మాలో కొనుక్కొని పోయేవాళ్లు, మళ్లీ కనపడేది ఎన్నేళ్లకో. పల్లె బేరం అట్లా కాదు. చంద్రగిరి, పాకాల, దామలచెరువు, పీలేరు, పుత్తూరు, కాళహస్తి వైపు పల్లెల వాళ్లు పెళ్లికి, సీమంతానికి, గృహప్రవేశానికి, ఆఖరికి కర్మకాండకు కూడా మా దగ్గరికే వచ్చేవాళ్లు. నాయన ఖాతా పుస్తకంలో మనిషి పేరు కంటే ముందు ఊరి పేరు రాసేవాడు. ‘పీలేరు వాళ్లు, పెండ్లి, బాకీ ఇంత’ అని ఉండేది. శెనక్కాయల కోత అయ్యాక వచ్చి బాకీ తీర్చేవాళ్లు. 2021 నవంబరు వానలకు మా ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు ఆ పాత పుస్తకాలు తడిసి ముద్దైపోయాయి. అవి ఉండుంటే 1974 పుస్తకం తీసి మీ కోసం వెతికేవాణ్ణి.

అంగడి తెరవడం ఎట్లా ఉండేదో చెబుతాను, ఎందుకంటే ఆ చప్పుడు మీ అవ్వకు గుర్తుంటుంది. అప్పుడు రోలింగ్ షట్టర్లు లేవు. పలకల తలుపులు. గడప మీద, పై దూలంలో గాడి ఉండేది, అందులో ఒక్కొక్క పలకనూ నిలబెట్టి జరపాలి. పలకల మీద తారుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు రాసి ఉండేవి. వరుస తప్పితే చివరి పలక పట్టదు. మా అంగడికి పదకొండు పలకలు. పొద్దున్నే వీధి పొడవునా ఆ పలకలు తీసి గోడకు ఆనించే చప్పుడు ఒక అంగడి తర్వాత ఇంకొక అంగట్లో వినిపిస్తూ పోయేది. తర్వాత అరుగు మీద నీళ్లు చల్లి ముగ్గు, గల్లాపెట్టెకు పసుపు కుంకుమ, సాంబ్రాణి పొగ. బోణీ అయ్యేదాకా ఎవరికీ అప్పు ఇవ్వరు. బోణీ బేరం ఎంత చిన్నదైనా వదలరు. ఒక హారతి గరిటె అడిగినా నాయన లేచి నిలబడి ఇచ్చేవాడు.

ఇక మీ అవ్వ పెళ్లి సామాను. ఇట్లాంటి బేరానికి ఐదారుగురు వచ్చేవాళ్లు: పెళ్లికూతురి తల్లి, మేనత్త, ఒక పెద్దాయన, లెక్క తెలిసిన ఒక కుర్రవాడు. ఒక్కోసారి పెళ్లికూతురు కూడా వచ్చి వెనక నిలబడేది. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద పెద్దవాళ్లను కూర్చోబెట్టి ముందు మజ్జిగో కాఫీయో తెప్పించేవాళ్లం. మొదట కొనేది దీపపు కుందులు. ఆ తర్వాత నీళ్ల బిందె. ఆ రెండూ పక్కన పెట్టాకే మిగతావాటి మాట: కాగు, గంగాళం, గుండిగ, తపేలాలు, పళ్లేలు, మరచెంబు, కూజా, గరిటెలు. ఎక్కువ సరుకు కుంభకోణం నుంచి వచ్చేది. అన్నీ తూకం మీదే. ఇత్తడికి ఒక ధర, రాగికి ఒక ధర, కంచుకు ఇంకొక ధర. పనితనాన్ని బట్టి మజూరి వేరే.

కిలోలు వచ్చి అప్పటికి పదిహేనేళ్లు దాటినా ముసలివాళ్లు వీశెల్లోనే మాట్లాడేవాళ్లు. బిందె చేతిలోకి తీసుకొని ‘ఇది రెండు వీశెలు ఉంటుంది’ అంటే, కాటా మీద పెడితే అటూ ఇటూగా అంతే ఉండేది. వీశె అంటే 120 తులాలు, దాదాపు ఒక కిలో 400 గ్రాములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. నాయన గొలుసు తక్కెడలో కిలో రాళ్లు వేసి, నోటితో వీశెల్లో చెప్పేవాడు. నేను మనసులో రెండు లెక్కలూ వేసుకోవాల్సి వచ్చేది. డబ్బుల్లోనూ అంతే. 1957లోనే నయాపైసలు వచ్చినా, మా అంగట్లో పావలా, అర్ధరూపాయితో పాటు బేడ, అణా మాటలు చాలాకాలం నిలిచాయి.

కంచు కొనేటప్పుడు మోగించి చూడాలి. గోరుతో అంచు మీద కొడితే కంచు చాలాసేపు సన్నగా మోగుతుంది. ఇత్తడి ‘టక్’మని ఊరుకుంటుంది. కంచు అంటే రాగి, తగరం కలిపినది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపినది. ఇది ప్రతి పల్లెటూరి ఆడమనిషికీ తెలిసేది. ఆ సంగతిలో వాళ్లను మోసం చేయడం ఎవరి వల్లా కాదు. అందుకే ఆ రోజుల బేరాన్ని నేను గౌరవంగా తలుచుకుంటాను. కొనేవాళ్లకు వస్తువు తెలుసు, అమ్మేవాడికి వాళ్ల ఊరు తెలుసు.

బేరం తెగాక పేర్లు చెక్కించడం. మా అరుగు మీద ఒక పెద్దాయన కూర్చునేవాడు. చిన్న సుత్తి, నాలుగైదు ఉలులు, కాళ్ల మధ్య పెట్టుకోవడానికి గోనెపట్ట చుట్టిన ఒక మొద్దు. మేము అక్షరాల తాత అనేవాళ్లం. అక్షరానికి ఇంత అని కూలి. గీత గీసుకోకుండా నేరుగా ఉలి పెట్టి కొట్టేవాడు. తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ చెక్కగలడు. పెళ్లి సామాను దగ్గర ఆయన తప్పకుండా ఒక మాట అడిగేవాడు: ‘ఇంటిపేరు పుట్టింటిదా, మెట్టినింటిదా?’ చాలామంది పుట్టింటిదే చెప్పేవాళ్లు. ఎందుకంటే సామాను ఇచ్చేది పుట్టింటివాళ్లు కదా. పెళ్లయ్యాక ఆ పిల్ల ఇంటిపేరు రేషన్ కార్డులో, ఓటరు లిస్టులో అన్నిచోట్లా మారిపోయేది, చెంబు మీద మాత్రం పుట్టిన ఇంటి అక్షరమే ఉండిపోయేది. మీ అవ్వ చెంబు మీద పేరుకు ముందు ఏ అక్షరం ఉందో చూడండి. మీ తాత ఇంటిపేరుతో కలవకపోతే ఆశ్చర్యపోవద్దు.

సామాను అమ్మేశాక పని అయిపోయేది కాదు, అది మా వీధుల పద్ధతి. అమ్మిన వస్తువు మళ్లీ మా దగ్గరికి వచ్చేది. ఇత్తడి, రాగి గిన్నెల్లో చింతపండు పులుసు పెట్టాలంటే లోపల కళాయి ఉండాలి, లేకపోతే చిలుము పట్టి వంట విషమవుతుంది. కళాయి ఒకసారి పూస్తే ఎల్లకాలం ఉండదు. ఏడాదికో రెండేళ్లకో పోతుంది. మా సందు చివర చింతచెట్టు కింద కళాయి పూసేవాళ్లు ఉండేవాళ్లు. నేలలో చిన్న గుంత, అందులో బొగ్గు, పక్కన తోలు తిత్తి. గిన్నెను నిప్పుల మీద పెట్టి బాగా వేడెక్కాక నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పుమని లేచేది. అదే క్షణంలో తగరం ముక్క రాస్తే కరిగి పాదరసం లాగా పరుగెత్తేది. దూది ముద్దతో గిన్నె లోపల చుట్టూ తిప్పితే నల్లటి గిన్నె కళ్లముందే వెండిలాగా మెరిసేది. తర్వాత నీళ్లలో ముంచితే ‘చుయ్’మని చప్పుడు. బడికి పోయే పిల్లలందరం అక్కడ ఆగిపోయేవాళ్లం. ఆ పొగ గొంతులో గుచ్చేది, అయినా కదిలేవాళ్లం కాదు.

పల్లెవాళ్లు కళాయికి వచ్చినప్పుడు నాలుగు మాటలు చెప్పేవాళ్లు. ‘మా పిల్ల పురిటికి వచ్చింది, ఒక ఉగ్గుగిన్నె కావాల’ అని అప్పుడే ఇంకొకటి కొనేవాళ్లు. సొట్టపడిన బిందెను సరిచేయించుకునేవాళ్లు. పగిలిన గంగాళాన్ని పాత ఇత్తడి ధరకు ఇచ్చి, తరుగు పోను మిగిలినదానికి కొత్త తపేలా తీసుకునేవాళ్లు. అట్లా ఒక ఇంట్లోని ఇత్తడి మూడు తరాల పాటు రూపం మార్చుకుంటూ తిరిగేది. రాగి, ఇత్తడి మీద మా ఊరికి ఉన్న మక్కువ ఇప్పటిది కాదు. తాళ్లపాక వాళ్ల కీర్తనలు వందల ఏళ్లు కొండమీద నిలిచింది కూడా రాగిరేకుల మీదే.

డెబ్భైల చివరికి మద్రాసు నుంచి ఎవర్‌సిల్వర్ వచ్చింది. స్టీలును మా వైపు ఎవర్‌సిల్వర్ అనేవాళ్లు. నాయన మొదట్లో ఒక్క అర మాత్రం స్టీలుకు ఇచ్చాడు. పదేళ్లలో అంగడి సగం అదే అయింది. ఆడవాళ్లు స్టీలును ఇష్టపడ్డారంటే నేను తప్పుపట్టను. పొద్దున్నే చింతపండు, ఇటుకపొడి పట్టుకొని అరగంట బిందెలు తోమిన చేతులకు స్టీలు పెద్ద సుఖం. కానీ స్టీలుకు కళాయి అక్కర్లేదు, సొట్ట తీయడం లేదు, పాతది ఇస్తే ధర పెద్దగా రాదు. కొన్నవాళ్లు మళ్లీ అంగడికి రావాల్సిన పని లేదు. ముందు కళాయి పొయ్యి ఆరిపోయింది. తర్వాత సొట్టలు తీసేవాళ్లు పోయారు. అక్షరాల తాత కూర్చున్న చోట కరెంటు మిషను పెట్టుకొని ఒక కుర్రవాడు స్టీలు మీద పేర్లు రాయడం మొదలుపెట్టాడు. వీధి మారిపోయింది అని అందరూ భవనాల గురించి చెబుతారు. నా లెక్కలో వీధి మారింది ఆ రోజుల్లోనే, భవనాలు అప్పటికి అట్లాగే ఉన్నాయి.

పాత్రల గురించే చెబుతున్నాను, మిగతా అంగళ్లకు అన్యాయం చేయకూడదు. మా సందులో నాకు బాగా ఇష్టమైనది నాటుమందుల అంగడి. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు, ఒక్కదాని మీద కూడా పేరు రాసి ఉండేది కాదు. కరక్కాయ, శొంఠి, పిప్పళ్లు, వస కొమ్ము, జాజికాయ, మాచిపత్రి, ఏది అడిగినా అంగడాయన చూడకుండానే చెయ్యి పెట్టి తీసేవాడు. బాలింతకు కావాల్సిన మందు దినుసులన్నీ ఒకే పొట్లంలో కట్టి ఇచ్చేవాడు. నాకు జ్వరం వస్తే అమ్మ ముందు ఆయన దగ్గరికే పంపేది.

తర్వాత ఫొటో స్టూడియోలు. కొండమీద గుండు కొట్టించుకొని దిగిన కుటుంబాలు తిన్నగా అక్కడికి పోయేవి. తెర మీద గోపురం, కొండలు, పైన మేఘాలు రంగుల్లో వేసి ఉండేవి. దాని ముందు తాత, అవ్వ, అమ్మానాన్న, పిల్లలు అందరూ చందనం పూసిన గుండ్లతో వరుసగా నిలబడేవాళ్లు. ఫొటో ఆ రోజే చేతికి రాదు. చిరునామా రాసుకొని పోస్టులో పంపేవాళ్లు. డబ్బు ముందే కట్టి, ముఖం తెలియనివాళ్లను నమ్మి పోయేవాళ్లు. మీ ఇంట్లో పాత పెట్టెలో వెతకండి, అట్లాంటి ఫొటో ఒకటి దొరకవచ్చు. వెనకవైపు స్టూడియో ముద్ర ఉంటే తిరుపతి అని చదవొచ్చు.

పటాలు కట్టే అంగళ్లు, తిరునామం పెట్టెలు అమ్మేవాళ్లు, తులసి మాలలు, జల్లెడలు, చాటలు, వెదురు బుట్టలు ఉండేవి. మరపాచి బొమ్మలు కూడా. ఎర్రచందనంతో చేసిన ఆడ, మగ జంట బొమ్మలు అవి. పెళ్లైన జంటకు ఇచ్చేవాళ్లు, బొమ్మల కొలువులో పెట్టేవాళ్లు. పసిపిల్లల చేతికి ఇస్తే నోట్లో పెట్టుకొని కొరికినా పెద్దవాళ్లు ఏమీ అనేవాళ్లు కాదు, రక్తచందనం మంచిదే అని. శేషాచలం కొండల్లోని ఆ కర్ర ఇప్పుడు ఎంత కాపలా మధ్య ఉందో మీకు తెలుసు. అప్పుడు మాత్రం ఒక పల్లె పిల్ల చేతిలో ఆటబొమ్మ.

భాష సంగతి కూడా మీ అవ్వను అడగండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మా ప్రాంతం ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. అరవం మా ఇళ్లల్లో పరాయి భాష కాదు. అంగట్లో కూర్చునే ప్రతి పిల్లవాడికీ నాలుగు భాషల్లో అంకెలు రావాలి. తమిళంలో ధర చెప్పి, కన్నడంలో తగ్గించి, తెలుగులో పొట్లం కట్టమని నాకు చెప్పేవాడు నాయన.

ఏడాదిలో మూడు కాలాలు మాకు ముఖ్యం. తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు) శనివారాలు మొదటిది. తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకొని, గోవిందా గోవిందా అంటూ గుంపులు గుంపులుగా నడిచి వచ్చేవాళ్లు. ఆ నెల మేము రాత్రి పదకొండుకు గానీ పలకలు వేసేవాళ్లం కాదు.

రెండోది వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు. ఎనిమిదో రోజు తేరు. తేరు తిరగాలంటే అంగళ్ల ముందు వేసుకున్న తడికలు, పందిళ్లు అన్నీ తీసేయాలి. ఆ ఒక్క రోజు వీధి అసలు వెడల్పు ఎంతో అందరికీ కనిపించేది. తేరు మా సందు మొదటికి వచ్చినప్పుడు జనం ఉప్పూ మిరియాలూ చల్లేవాళ్లు. మరుసటి రోజు పొద్దున అరుగు ఊడిస్తే చేటెడు మిరియాలు వచ్చేవి.

మూడోది గంగమ్మ జాతర. దీని గురించి ఎంత రాసినా నాకు చాలదు. చాటింపు వేసిన మంగళవారం నుంచి ఊరు ఊరంతా వేరే లోకమైపోయేది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపుకుండలు, రోజుకొకటి. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేషాలు మార్చింది, దొర వేషంలో పట్టుకొని తల తీసింది అని కథ. తరతరాలుగా జాతర సేవ చేసే కైకాల ఇంటివాళ్లు అమ్మవారి వేషాలు కట్టి ఇంటింటికీ వస్తే, ఎదురుగా పోయి నీళ్లు పోసి, హారతి ఇచ్చేవాళ్లం. మొక్కుకున్న మామూలు జనం కూడా వేషం వేసేవాళ్లు. నాకు ఆరేళ్లప్పుడు బైరాగి వేషం వేశారు. ఒళ్లంతా నామకొమ్ము (నామాలు పెట్టుకునే తెల్ల సుద్ద) పూసి, వేపమండ చేతికిచ్చి, అంగడి అంగడికీ పంపారు. ప్రతి అంగడాయనా గల్లాపెట్టెలోంచి చిల్లర తీసి ఇచ్చాడు. ఇప్పుడూ తాతయ్యగుంట గుడి దగ్గర మే నెలలో ఆ జాతర అట్లాగే జరుగుతోంది. మగవాళ్లు పట్టుచీర కట్టి, నగలు పెట్టి, జడ వేసుకొని మొక్కు తీర్చుకోవడం మీరు చూడొచ్చు. మా వీధుల్లో పోనిది ఏదైనా ఉందంటే అదే.

ఇప్పుడేం మిగిలింది అన్నారు. సూటిగా చెబుతాను. పాత మిద్దెల్లో చాలావరకు లాడ్జీలు, హోటళ్లు అయ్యాయి. కొండకు పోయేవాళ్లకు స్టేషన్ దగ్గర, బస్టాండు దగ్గర దేవస్థానం వాళ్లే పెద్ద వసతి భవనాలు కట్టారు. అక్కడి నుంచి తిన్నగా అలిపిరికి బస్సు. 2023 నుంచి శ్రీనివాస సేతు అనే ఫ్లైఓవర్ మీదుగా పోతే పాత ఊరు కంటికి కూడా కనపడకుండా దాటిపోవచ్చు. పల్లెల వాళ్లకు పీలేరులోనే, పాకాలలోనే ఇప్పుడు అన్నీ దొరుకుతాయి. వాళ్లు మా దాకా రావాల్సిన పని లేదు. లీలామహల్, వి.వి. మహల్ లాంటి సినిమా హాళ్ల పేర్లు సెంటర్లకు, రోడ్లకు మిగిలాయి, ఆటోవాళ్లు ఆ పేర్లే పిలుస్తారు. సన్నిధి వీధిలో, గాంధీ రోడ్డులో ఇత్తడి, రాగి అంగళ్లు ఇంకా ఉన్నాయి. ఈమధ్య రాగి చెంబులో నీళ్లు తాగితే మంచిదని కుర్రవాళ్లు కొంటున్నారు. చూసి సంతోషించాను.

మీరు అవ్వను తెచ్చేటప్పుడు ఎండ ముదరక ముందే, పొద్దున ఆరున్నరకల్లా అక్కడ ఉండండి. వైశాఖంలో, పెరటాసి శనివారాల్లో వద్దు, ఆ రద్దీలో పెద్దామె నిలబడలేదు. మాఘమాసం హాయిగా ఉంటుంది. స్టేషన్ నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే ఆమె గుర్తుల వరుస అక్కడి నుంచే ఉంటుంది. స్టేషన్ బయట నిలబడి ముందు గోపురం చూపించండి. తర్వాత పుష్కరిణి గట్టు మీదుగా మెల్లగా గోపురం ముందుకు రండి. లోపల దర్శనం చేయించండి. రామానుజాచార్యులు 1130లో ప్రతిష్ఠించాడని చెప్పే ఈ స్వామి శేషశయనం మీద పడుకొని ఉంటాడు, తలకింద కుంచం ఉందని మా పెద్దలు చెప్పేవాళ్లు. కొండమీది తమ్ముడి పెళ్లి అప్పుకు వచ్చే డబ్బును కుంచంతో కొలిచి అలసిపోయి అన్న పడుకున్నాడు అని. ఆ కథ మీ అవ్వకు తప్పకుండా తెలుసు, ఆమె చేతే చెప్పించుకోండి.

బయటికి వచ్చాక సన్నిధి వీధిలో నడిచి, అటునుంచి గాంధీ రోడ్డుకు రండి. హథీరాంజీ మఠం అక్కడే. 1843 నుంచి 1933 దాకా కొండమీది గుడి వ్యవహారాలు చూసింది ఈ మఠం పెద్దలైన మహంతులే. అప్పట్లో మఠం గోడల చుట్టూ వరుసగా చిన్న చిన్న అంగళ్లు ఉండేవి. ‘మఠం దగ్గర’ అంటే ఊళ్లో అందరికీ తెలిసేది. మీ అవ్వ వాళ్లు ఆ వరుసలోంచి తప్పకుండా నడిచి ఉంటారు. తర్వాత నాలుగు కాళ్ల మండపం. పల్లెల నుంచి వచ్చి విడిపోయి తిరిగేవాళ్లు ‘అందరం మళ్లీ నాలుగు కాళ్ల మండపం దగ్గర కలుద్దాం’ అని చెప్పుకునేవాళ్లు. సెల్‌ఫోన్లు లేని కాలంలో అదే మా ఊరి కలిసే చోటు. అక్కడ ఆమెను కాసేపు కూర్చోనివ్వండి. ఏదీ అడగకండి. ఏది ఎక్కడుండేదో ఆమే చెప్పడం మొదలుపెడుతుంది. చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అంగడి పేరు గుర్తులేకపోయినా, ఎదురుగా ఏముండేదో, ఎడమవైపు తిరిగారా కుడివైపా, అరుగు ఎత్తుగా ఉండేదా, ఆ మాటలు చాలు.

చెంబు కూడా వెంట తెండి. తెచ్చే ముందు దాన్ని పౌడర్లు వేసి గట్టిగా తోమకండి. ఇటుకపొడి, నారపీచు అసలే వద్దు. అక్షరాల గాడి ఏళ్ల తరబడి తోమడంతోనే అరిగిపోతుంది. కొంచెం చింతపండు నీళ్లలో నానబెట్టి, ఆ గుజ్జుతో వేళ్లతో రుద్ది, కడిగి, మెత్తటి పాత పంచె గుడ్డతో తడి లేకుండా తుడవండి. తర్వాత పొద్దుటి ఎండలో ఏటవాలుగా పట్టుకొని చూడండి. అక్షరం చుక్కలు చుక్కలుగా, అన్నీ ఒకే లోతులో ఉంటే అది మిషనుతో తర్వాత రాయించింది. గీత ఒకచోట లోతుగా మొదలై చివరకు సన్నబడితే అది ఉలితో కొట్టింది. మా అక్షరాల తాత ‘మ’ రాసేటప్పుడు చివరి కొమ్మును కొంచెం పైకి లేపి వదిలేవాడు. ‘ళ’ ఎప్పుడూ మిగతా అక్షరాల కంటే పెద్దది వచ్చేది, తలకట్టు దగ్గర ఉలి రెండు దెబ్బలు కనిపించేవి.

నేను పొద్దున పూట గోవిందరాజస్వామి గుడికి రోజూ పోతాను. మీరు వచ్చే వారం రోజుల ముందు రాయండి. స్టేషన్ దగ్గరికే వచ్చి అవ్వతో పాటు నడుస్తాను. ఆ చెంబు ఒకసారి నా చేతికి ఇస్తే, ‘ళ’ చూసి చెబుతాను.